క్యాసెట్‌లో ఊదకండి: పాత వీడియో గేములపై పాఠకుల ప్రశ్నలు

వేసవి సెలవులకు చాలా ఇళ్లలో అటక మీది వీడియో గేములు కిందికి దిగినట్టున్నాయి. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే.

ప్రశ్న: మా పిలకాయలకు చూపిద్దామని పాత 8 బిట్ టీవీ గేమ్ బయటికి తీసినాను. క్యాసెట్ పెడితే తెర నిండా రంగురంగుల గళ్లు వస్తాయి. నోటితో గట్టిగా ఊది పెడితే ఒక్కోసారి ఆడుతుంది. చిప్పు పోయిందంటారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఒక్కోసారైనా ఆడుతోందంటే చిప్పు బాగున్నట్టేనండీ. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ పెట్టెకు నకళ్లుగా మన దగ్గర అమ్మిన పెట్టెల్లో క్యాసెట్‌కు 60 పిన్నులుంటాయి, అటు 30, ఇటు 30. కొన్ని ప్రోగ్రామ్‌ను మోస్తాయి, కొన్ని బొమ్మలను. బొమ్మల పిన్ను ఒక్కటి సరిగ్గా అంటకపోయినా మీరు చెప్పిన గళ్లే పడతాయి. ప్రోగ్రామ్ పిన్ను అంటకపోతే గళ్లు కూడా ఉండవు, తెర ఒకే రంగులో నిలిచిపోతుంది.

ఊదినందుకు కాదు, బయటికి తీసి మళ్లీ గుచ్చినందుకు ఆడుతోంది. ఆ రాపిడికి పిన్నుల మీది మురికి పొర కాస్త చెదురుతుంది. నోటి తడి మాత్రం అక్కడే ఉండిపోయి చిలుము పట్టిస్తుంది. దయచేసి ఊదడం మానేయండి.

మొబైల్ రిపేరు సామాన్ల అంగట్లో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు, 99 శాతంది తీసుకోండి. శానిటైజర్ వద్దు. అందులో నీళ్లు, గ్లిజరిన్ కలిసి ఉంటాయి, గ్లిజరిన్ జిగట ఆరదు. చెవిలో పెట్టే దూది పుల్లను ఐపీఏలో ముంచి, పిన్నుల పొడవునా పైనుంచి కిందికి తుడవండి. పుల్ల నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ పోండి. అప్పటికీ మచ్చలుంటే తెల్ల రబ్బరుతో మెల్లగా రెండు మూడుసార్లు రుద్ది, ఆ పొడిని మళ్లీ ఐపీఏతో తీసేయండి. ఉప్పు కాగితం మాత్రం దగ్గరికి రానివ్వకండి. పిన్నుల మీద ఉన్నది చాలా పలచని పూత, అది లేచిపోతే రాగి బయటపడి నెలల్లోనే నల్లబడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పెట్టె లోపలి స్లాట్‌లోనూ అంతే మురికి ఉంటుంది కదా! అడాప్టర్ పీకేసి, పాత ఏటీఎం కార్డు పొట్టి అంచుకు పలచని పంచె గుడ్డ ఒక్క చుట్టు చుట్టి, ఐపీఏతో తడిపి స్లాట్‌లోకి పదిసార్లు దించి తీయండి. కార్డు స్లాట్ అంత వెడల్పు ఉండదు కాబట్టి ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి. గుడ్డ రెండు చుట్లు చుట్టి బలవంతంగా దూరిస్తే లోపలి స్ప్రింగులు వెడల్పయి శాశ్వతంగా వదులవుతాయి. పావుగంట ఆరనిచ్చి ఆడించండి.

ప్రశ్న: అసలు అడాప్టర్ పోయింది. ఇంట్లో ఉన్న 12 వోల్టుల రూటర్ అడాప్టర్ పెడితే ఆడుతుంది గానీ, అరగంటకు పెట్టె చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఆట బిగుసుకుపోతుంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ అడాప్టర్ తీసేయండమ్మా. లోపలి బోర్డుకు కావలసింది 5 వోల్టులే. 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ మిగతా వోల్టులను వేడిగా మార్చి వదిలేస్తుంది. పెట్టె 0.3 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 9 వోల్టులతో ఆ వేడి 1.2 వాట్లు, 12తో 2.1 వాట్లు. నకలు పెట్టెల్లో రెగ్యులేటర్‌కు బిగించే అల్యూమినియం రేకు చాలా చిన్నది, కొన్నిట్లో ఆ రేకే ఉండదు. పైగా తిరుపతి ఎండలు. హద్దు దాటిన వేడికి 7805 తనను తాను ఆపేసుకుంటుంది, ఆట ఆగుతుంది.

9 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు లేదా 1 ఆంపియర్ ఉన్న అడాప్టర్ కొనండి. కొనేముందు ప్లస్, మైనస్ చూడాలి. అసలు ఫ్యామికామ్‌కు ప్లగ్గు లోపల మైనస్, బయట ప్లస్. నకళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక తీగ 7805 మధ్య కాలికి, మరొకటి సాకెట్ లోపలి పుల్లకు ఆనించండి. బీప్ వస్తే లోపల మైనస్. మధ్య కాలు ఎప్పుడూ మైనస్సే కాబట్టి ఈ పరీక్ష నమ్మదగింది.

తెర మీద అడ్డచారలు మెల్లగా పాకుతూ, స్పీకర్ గుర్రుమంటుంటే, కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్ ఎండిపోయిందని అర్థం. 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులది ఉంటే, అదే 1000ని 25 వోల్టుల్లో వేయించండి. పాత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు పేరుకు 9 అయినా లోడు లేనప్పుడు 12, 13 చూపిస్తాయి, 16కు ఊపిరాడదు. కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు కాలు మైనస్.

ప్రశ్న: మాయన్న గేమ్‌బాయ్‌లో పోకెమాన్ గోల్డ్ ఎంత ఆడి సేవ్ చేసినా, ఆపి మళ్లీ వేస్తే మొదటికొస్తోంది.
– ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: క్యాసెట్ లోపలి బ్యాటరీ అయిపోయింది బాబూ. సేవ్ ఉండేది కరెంటు ఉన్నంతవరకే గుర్తుంచుకునే మెమరీలో. గోల్డ్‌లో గడియారం కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది, అందుకే తొందరగా ఖాళీ అవుతుంది. 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్‌తో తెరిస్తే సీఆర్ 2025 అనే బిళ్ల బ్యాటరీ కనిపిస్తుంది. రేకు కాళ్లు అతికించి అమ్మేదే కొనండి. మామూలు బ్యాటరీకి నేరుగా సాల్డరింగ్ చేస్తే వేడికి పగలొచ్చు. ప్లస్, మైనస్ బోర్డు మీద రాసి ఉంటుంది, పాతది తీసేముందు ఒక ఫొటో తీసుకో. తర్వాత వచ్చిన పోకెమాన్ రూబీలో ఇలా కాదు. బ్యాటరీ అయిపోయిందని తెర మీద చెప్పినా సేవ్ పోదు, గడియారమే ఆగుతుంది. తొందరపడి తెరవక్కర్లేదు.

ప్రశ్న: బాతుల్ని కాల్చే తుపాకీ కొత్త ఎల్‌ఈడీ టీవీకి పనిచేయడం లేదు.
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: తుపాకీ చెడలేదు. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను నల్లగా చేసి, బాతు ఉన్నచోట తెల్లగడి చూపిస్తుంది. తుపాకీలోని కన్ను ఆ తెలుపును ఆ క్షణంలోనే వెతుకుతుంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, గీత గీతగా మెరిసే పాత పిక్చర్ ట్యూబు వెలుగు దానికి లేదు. డబ్బా టీవీ దొరికితేనే ఆడగలరు.

ప్రశ్న: 2021 నవంబరు వరదలో తడిసిన పెట్టె, క్యాసెట్లు అలాగే మూటకట్టి ఉన్నాయి. పారేయాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పారేయకండి, కరెంటు కూడా పెట్టకండి. విప్పి, బోర్డును మంచినీళ్లు, మెత్తని పళ్ల బ్రష్షుతో బురద పోయేదాకా కడగండి. తర్వాత ఐపీఏతో మరోసారి కడిగి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టండి. ఎండలో వద్దు, ప్లాస్టిక్ వంకర పోతుంది. గేమ్‌బాయ్ క్యాసెట్లయితే బ్యాటరీ తీసేశాకే కడగాలి. పచ్చగా చిలుము పట్టిన పిన్ను సన్నబడి తెగిపోకపోతే తుడుచుకుంటే చాలు. బోర్డు మీద తెగిన రాగి గీతను సన్నని రాగి తీగతో కలపవచ్చు. నకలు క్యాసెట్లలో నల్లని ముద్ద కింద చిప్పు ఉంటుంది. ఆ ముద్ద పగిలి నీళ్లు లోపలికి దిగి ఉంటే ఆ క్యాసెట్ ఒక్కటే ఆశ వదులుకోవలసింది. మిగతావి ఆరాక సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టండి. కార్తీక మాసం వానలకు ముందు ఏటా ఆ పొట్లాలు మార్చండి.