సాయంత్రమైతే చాలు, ‘మా ఇంటికి పోతా’ అంటున్నారు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తయ్యకు 76 ఏళ్ళు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని రెండేళ్ళ క్రితం చెప్పారు. పగలు బాగానే ఉంటారు, చిక్కుడుకాయలు తుంచి ఇస్తారు. సాయంత్రం ఐదున్నర దాటిందంటే మనిషే మారిపోతారు. రెండు చీరలు సంచిలో పెట్టుకుని, ‘గేదెలు ఇంటికొచ్చే వేళయింది, అమ్మ ఎదురుచూస్తుంటుంది, మా ఇంటికి పోతా’ అంటూ గేటు దగ్గరికి వెళ్తారు. ఆపితే నెట్టేస్తారు. గాజులు నేనే తీశానంటారు. మావారు ‘ఇదే నీ ఇల్లు, మీ అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది’ అని అరుస్తారు. ఆమె ఏడుస్తారు. పక్కింటివాళ్ళు గాలి సోకిందంటున్నారు. మావారు మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చారు. వేయవచ్చా? నాకూ నిద్ర లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి. వేయకండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు నిద్రమాత్ర వేస్తే మత్తులో లేచి పడిపోవచ్చు, తుంటి ఎముక విరగవచ్చు, అయోమయం ఇంకా పెరగవచ్చు. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి కూడా వీళ్ళ తికమకను పెంచుతాయి. ఆందోళన తగ్గించడానికి ఇచ్చే కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల డిమెన్షియా ఉన్న వృద్ధులకు ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరైతే డాక్టరు పరీక్ష చేసి, తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే ఇస్తారు. షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

గాలీ కాదు, ధూళీ కాదు. పగలు, రాత్రి తేడా చెప్పే గడియారం మెదడులో ఉంటుంది. ఈ జబ్బు దాన్నీ దెబ్బతీస్తుంది. దానికి తోడు పొద్దుగూకేసరికి ఒళ్ళు అలిసిపోతుంది, వెలుతురు తగ్గుతుంది, గోడ మీద నీడలు మనుషుల్లా కనిపిస్తాయి. పగలంతా కూడగట్టుకున్న తెలివి అప్పటికి అయిపోతుంది.

మా నాన్నకూ ఈ జబ్బే. రైల్వేలో పనిచేశారు. సాయంత్రం కాగానే చొక్కా తొడుక్కుని, నైట్ డ్యూటీకి టైమైందని చెప్పుల కోసం వెతికేవారు. ‘రిటైరై పద్దెనిమిదేళ్ళయింది నాన్నా’ అని నేను రోజూ చెప్పేవాణ్ణి. డాక్టరునై ఉండీ అదే తప్పు నెలల తరబడి చేశాను. రోజూ ఆయన మొహం ఒక్కసారిగా పాలిపోయేది. ఇప్పటికీ ఆ మొహం నా కళ్ళ ముందే ఉంది. తర్వాత మా అమ్మే దారి చూపింది. ‘బండి రావడానికి ఇంకా టైముంది, ఈలోపు రెండు ఇడ్లీలు తిని వెళ్ళండి’ అనేది. తిన్నాక, స్టేషన్ కబుర్లు అడిగేది. చెబుతూ చెబుతూ డ్యూటీ సంగతి మరిచిపోయేవారు.

మీ అత్తయ్యకు అమ్మ చనిపోయిన కబురు రోజూ కొత్తగానే వినిపిస్తుంది. రోజూ ఆ దుఃఖం ఎందుకు? ఆమె వెతుకుతున్నది ఇల్లు ఒక్కటే కాదు, భయం లేని చోటు. ‘మీ గేదెలు ఎన్ని అత్తయ్యా? ఏది ఎక్కువ పాలిచ్చేది?’ అని అడగండి. గేటు దాకా వెళ్తే చేయి పట్టుకుని మీరూ నడవండి, వీధి చివరి దాకా వెళ్ళి ‘పదండి, మన ఇంటికి వెళ్దాం’ అంటూ తిప్పి తీసుకురండి. గాజులు పోయాయంటే ‘నేను తీయలేదు’ అని వాదించకుండా కలిసి వెతకండి. అసలువి లోపల దాచి, గిల్టువి ఒక జత ఆమెకు దొరికే చోట ఉంచండి. దొంగ అనిపించుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ మాట అనిపిస్తున్నది జబ్బేనమ్మా.

ఆరింటి గొడవను ఆరింటికి ఆపలేం. దాని పని పొద్దున్నే మొదలుపెట్టాలి. ఉదయం అరగంట ఎండ తగిలేలా వాకిట్లో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. ఆ తర్వాత కాఫీ, టీ వద్దు. మూడింటికి నీళ్ళో మజ్జిగో ఇచ్చి, ఏదైనా తినిపించండి, బాత్రూంకు తీసుకెళ్ళండి. ఆకలి, దాహం, మలబద్ధకం, మోకాళ్ళ నొప్పి వీళ్ళు నోటితో చెప్పలేరు, కోపంగా బయటికొస్తాయి. చీకటి పడకముందే, ఐదింటికల్లా లైట్లన్నీ వేసి కర్టెన్లు మూసేయండి. అద్దంలో తన బొమ్మను చూసి ఎవరో అనుకుంటుంటే గుడ్డ కప్పండి. కొట్లాటల సీరియళ్ళు ఆ వేళకు వద్దు. అసురసంధ్య వేళ దీపం పెట్టడం ఆమెకు చిన్నప్పటి అలవాటే అయి ఉంటుంది. వత్తులు చేయనివ్వండి, దీపం మాత్రం మీరు పక్కనే ఉండి వెలిగించండి, చీర కొంగు జాగ్రత్త.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ మార్పు ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా వచ్చినా, పగలు కూడా మత్తుగా ఉన్నా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పెద్ద వయసులో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం, మంట లేకుండా తికమక ఒక్కటే కనిపించవచ్చు. మీ అత్తయ్యకు నెమ్మదిగా వచ్చినదైనా ఒకసారి మూత్ర పరీక్ష చేయించండి. కళ్ళు, చెవులు చూపించండి. ఏ రోజు ఏ టైముకు మొదలైంది, అంతకుముందు ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, వారం రోజులు నోట్‌బుక్‌లో రాసి డాక్టరుకు చూపిస్తే సగం పని అయినట్టే.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ గురించి రాసుకున్నది ‘నాకూ నిద్ర లేదు’ అని ఒక్క ముక్క. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. మీకే తట్టుకోలేనంత టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు, రాత్రయినా సరే, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ జవాబు మీవారి చేత చదివించండి. బాబూ, వారంలో రెండు సాయంత్రాలు ఐదింటికల్లా ఇంటికి వచ్చి అమ్మ దగ్గర మీరు కూర్చోండి. ఆ రెండు పూటలూ మీ ఆవిడను కాసేపు పడుకోనివ్వండి.