దుబాయ్‌లో విమానం మారాలంటే: విజయనగరం నుంచి అమెరికా వెళ్లే అమ్మానాన్నల కోసం

మీ అమ్మానాన్న విజయనగరం నుంచి హైదరాబాద్ వచ్చి, ఎమిరేట్స్‌లో దుబాయ్ మీదుగా డల్లాస్ వెళ్తున్నారు, దుబాయ్‌లో మూడున్నర గంటలుంది, ఇంగ్లీషు అంతంతమాత్రం, సరిపోతుందా అని అడిగారు. సరిపోతుందండి. టికెట్ ఒకటే కాబట్టి సామాన్లు నేరుగా డల్లాస్‌లోనే దిగుతాయి. దుబాయ్‌లో బయటికి వెళ్లరు కనుక అక్కడి వీసా అక్కర్లేదు. మా వాళ్లు కూడా ఇదే దారిన చెల్లి దగ్గరికి వెళ్లొచ్చారు, ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

ముందు వీల్‌చెయిర్ సంగతి. ‘నడవగలిగిన మనిషిని, నాకెందుకు’ అని మీ నాన్నగారు అంటారు, మా నాన్నా అన్నారు. అది మోకాళ్ల కోసం కాదు, దారి కోసం. ముందుగానే ఎమిరేట్స్‌కి చెప్పి ఇద్దరికీ పెట్టించండి. మధ్యలో ఒకచోట కూర్చోబెట్టి, టైం అయ్యాక మళ్లీ వచ్చి గేటు దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడి నుంచి లేచి తిరగొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

వీల్‌చెయిర్ వద్దనుకుంటే, దిగాక ‘కనెక్షన్స్’ అన్న బోర్డు వెంట నడవాలి. ఆ మాటను ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కాగితం మీద రాసి ఇవ్వండి, పోల్చి చూసుకుంటారు. జనం వెనకాల పోకూడదు, అందులో చాలామంది దుబాయ్‌లో దిగిపోయేవాళ్లే. సెక్యూరిటీ చెకింగ్ మళ్లీ ఉంటుంది. ఎమిరేట్స్ మూడో టెర్మినల్‌లో గేట్లు ఏ, బి, సి అని మూడు వైపుల ఉంటాయి. ‘ఏ’ వైపుకైతే లోపలే చిన్న రైలు ఎక్కాల్సి రావచ్చు. మా అమ్మ ఆ రైల్లో నించుని ‘ఏటిరా, మన ఇజీనారం కన్నా పెద్దదిలాగుంది’ అంది. గేటు నంబరు మారుతుంటుంది కాబట్టి టీవీ తెర మీద ఫ్లైట్ నంబరు వెతుక్కుని చూసుకోవాలి. మన రైల్వే స్టేషన్లో లాగా మైకులో పిలుస్తారని కూర్చుంటే కుదరదు, అక్కడ బోర్డింగ్‌కి అనౌన్స్‌మెంట్లు చెయ్యరు.

వాచీ ఇంకో తలనొప్పి. దుబాయ్ టైం మనకన్నా గంటన్నర వెనక. బోర్డింగ్ పాస్ మీద వేసేది అక్కడి టైం. నాన్న చేతి గడియారంలో మన టైమే ఉండిపోయింది. పాస్ మీద 2:25, గడియారంలో మూడు దాటింది. ఇంకేముంది, విమానం వెళ్లిపోయిందని టెన్షన్. నిజానికి ఇంకా దాదాపు గంట ఉంది. దిగగానే గడియారం మార్చుకోమనండి, లేదా ఫోన్లో టైం చూసుకోమనండి. విమానం లేచే టైం కాదు, గేటు మూసే టైం లెక్క.

ఫోన్ విషయం మీక్కూడా పనికొస్తుంది. ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితమే, కానీ ఆ దేశంలో వాట్సాప్ కాల్ మామూలుగా కలవదు. మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. ఇది ముందే తెలియకపోతే అటు వాళ్లూ ఇటు మీరూ కంగారు పడతారు.

సామాన్లలో నేను అస్సలు ఒప్పుకోనిది గసగసాలు. మనకు కూరలో వేసుకునే దినుసు, దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో నిషేధం. ట్రాన్సిటే కదా అని అమ్మలు మసాలా పొడిలో కలిపి పెట్టేస్తారు, ఆ పొట్లం తీసి ఇంట్లోనే ఉంచండి. ఎండు కొబ్బరి కూడా వద్దు. ఆవకాయ చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో నూనె అని తీసేయొచ్చు, గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో పెట్టండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికాలోకి రానివ్వరు. మిగతా తిండి సామాన్లు డల్లాస్‌లో అడిగితే ఉన్నాయని చెప్పేయడమే మంచిది. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, విమానంలో వాడకూడదు.

హైదరాబాద్‌కి రైల్లో వస్తుంటే ఒక రోజు ముందే చేరుకునేలా టికెట్ తీయండి. రాత్రి రైలు దిగి అదే పూట శంషాబాద్ పరుగెత్తే ప్లాన్ వద్దు, రైలు లేటైతే మీ మూడున్నర గంటల లెక్కకు అర్థం ఉండదు.