టీవీలో సెలబ్రిటీలు చారిటీ కోసం ఆడే పోకర్ చూసి ఆట నేర్చుకోవచ్చా? ఆ పందెం డబ్బు ఎవరిది?

ఆడటం వస్తుంది, గెలవడం రాదు. నా జేబుకి చిల్లు పడ్డాక చెబుతున్న మాట ఇది.

నేను పోకర్ నేర్చుకున్నదే అమెరికాలో బ్రావో ఛానెల్లో వచ్చిన 'సెలబ్రిటీ పోకర్ షోడౌన్' చూసి. 2003 చివర్లో మొదలై 2006 దాకా వచ్చింది. అప్పట్లో మా రూమ్మేట్లలో ఎవరికీ రమ్మీ తప్ప ఇంకో పేకాట తెలీదు. షోలో ఐదుగురు నటులు కూర్చుని ఒక్కరు మిగిలేదాకా ఆడేవారు. అలా ఐదు ఆటల్లో గెలిచిన ఐదుగురికీ ఫైనల్. ఓడినవాళ్లని 'లూజర్స్ లాంజ్' అనే గదిలోకి పంపేవారు. అక్కడ సోఫాల్లో కూర్చుని ఇంకా ఆడుతున్నవాళ్ల మీద జోకులేసేవారు. నిజం చెప్పాలంటే సగం మజా ఆ గదిలోనే.

ఇక డబ్బు సంగతి. వాళ్ల జేబులోంచి పైసా పోదు, ఇచ్చేది షో వాళ్లు. మొదటి సీజన్ గెలిచిన నికోల్ సల్లివాన్ తరఫున 1,00,000 డాలర్లు 'ఆలీ క్యాట్ అలైస్'కి వెళ్లాయి. వీధిపిల్లుల కోసం పనిచేసే సంస్థ అది! ఓడినవాళ్లు ఎంచుకున్న సంస్థలకీ ఎంతో కొంత ముట్టేది. అంటే ఓడినా పోయేదేం లేదు. అందుకే చెత్త ముక్కలతో కూడా ధైర్యంగా ఆల్ ఇన్ అనేస్తారు, అంటే ఉన్న చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ఒకేసారి పందెం కాసేస్తారు. షో వ్యాఖ్యాత, ప్రొఫెషనల్ ఆటగాడు ఫిల్ గోర్డన్ అది ఎందుకు తప్పో చెబుతూనే ఉంటాడు. మేం ఆయన్ని వదిలేసి హీరోలని చూశాం. అక్కడే దెబ్బతిన్నాం.

ఇంకో మోసం కెమెరాది. టేబుల్లో అమర్చిన చిన్న కెమెరాల వల్ల అందరి ముక్కలూ మనకి కనిపిస్తాయి కాబట్టి, 'ఛ, ఇంత తేలికా' అనిపిస్తుంది. పైగా ముక్కలు పారేసి ఊరికే కూర్చునే బోరు ఆటలు చాలావరకు ఎడిటింగ్‌లో పోతాయి. అసలు పోకర్లో ఎక్కువసేపు చేసే పని అదే.

ఒకసారి ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన పోకర్ నైట్‌కి వెళ్లాను. ఎంట్రీ 50 డాలర్లు. కాసేపటికే ఆసు, ఏడు వచ్చాయి. టీవీలో ఆసు కనిపిస్తే ఎవరూ వదలరు కదా, నేనూ ఆల్ ఇన్ అన్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ తాపీగా కాల్ అని, అంటే నా పందేనికి సమానంగా కాసి, ముక్కలు తిప్పింది: ఆసు, రాజు. బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా టేబుల్ మధ్యలో పరిచే ముక్కల్లో, తొమ్మిది, నాలుగు, ఆసు పడ్డాయి. ఆసు చూసి కుర్చీలోంచి లేచాను కూడా. ఆవిడకీ అదే ఆసు జతైందని అర క్షణం ఆలస్యంగా వెలిగింది. రాజు ముందు నా ఏడు ఎందుకు పనికొస్తుంది? ఇంకా లేచే ఉన్నాను, వాలంటీర్ డబ్బాతో వచ్చేశాడు. మరో 50 ఇస్తే మళ్లీ చిప్స్. ఇచ్చాను. గంట తర్వాత ఇంకో 50.

ఇలాంటి చోట విరాళం ఆడేవాళ్ల జేబులోంచే వస్తుంది. పెద్ద స్థాయిలోనూ ఈ పద్ధతి ఉంది. 2012లో సర్క్ డ్యు సొలే అనే సర్కస్ కంపెనీ వ్యవస్థాపకుడు గీ లాలిబెర్టే లాస్ వేగాస్‌లో జరిపించిన 'బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్' పోకర్ టోర్నమెంట్ ఎంట్రీ 10 లక్షల డాలర్లు. అందులో 1,11,111 డాలర్లు తాగునీటి కోసం పనిచేసే వన్ డ్రాప్ సంస్థకి. 48 మంది ఆడారు, లెక్కేసుకోండి. గెలిచిన ఆంటోనియో ఎస్ఫాందియారీకి దాదాపు 1.83 కోట్ల డాలర్లు వచ్చాయి.

అలాగని నటులందరికీ ఆట రాదనుకోకండి. నటి జెన్నిఫర్ టిల్లీ 2005లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మహిళల టోర్నమెంట్ గెలిచింది.

మీరు ఆ షో చూస్తే మాత్రం గోర్డన్ నోరు తెరిచేలోపే మీరైతే ఏం చేస్తారో అనుకుని, తర్వాత ఆయన మాట వినండి. నేను ఆ పని చేయలేదు. ఆ రాత్రి వెళ్లేముందు పెద్దావిడతో, టీవీ చూసి నేర్చుకున్నానని చెప్పాను. ఆవిడ చిప్స్ పేర్చుకుంటూనే, వచ్చే ఏడు కూడా తప్పకుండా రమ్మంది.