పాత రోబో బొమ్మలకు సామాను ఎక్కడ వెతకాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అన్నీ రోబోలే. ఒకే సంగతి అడిగినవాళ్ల ఉత్తరాలు కలిపేశాను, కాబట్టి మీ వాక్యం అచ్చంగా మీరు రాసినట్టు కనబడకపోతే ఏమనుకోకండి.

ప్రశ్న: 1960ల నాటి జపాన్ రేకు రోబో ఒకటి దొరికింది. సెల్స్ లోపలే కారిపోయి పేరుకుపోయాయి, ఛాతీ మీద గీతలున్నాయి, ఒక కాలు ఊగుతోంది. ఏ రంగు కొనాలి, ఇంకా ఏమేం తెచ్చుకోవాలి?

ముందు రంగు కొనడం మానేయండి. ఆ రోబోల మీద కనిపించే డయళ్లు, మీటర్లు, బోల్టులు బ్రష్‌తో వేసినవి కావు. చదునుగా ఉన్న రేకు మీద లితోగ్రఫీతో అచ్చేసి, ఆ తర్వాతే ఆ రేకును కత్తిరించి, ప్రెస్‌లో వంచి బొమ్మ చేశారు. ఆ మెరుపు మీరు ఏ స్ప్రే డబ్బాతోనూ తీసుకురాలేరు. చిన్న గీత మీద పెద్ద మచ్చ మాత్రం తేగలరు! దూది పుల్ల, గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, మెత్తటి గుడ్డ, మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (పైన పూసే ఒక రకం మైనం) ఉంటే పైపనికి చాలు. అదీ ముందు పాదం అడుగున ఎవరికీ కనబడని చోట రుద్ది, దూదికి రంగు అంటుతోందేమో చూసుకోవాలి. థిన్నర్, అసిటోన్, స్పిరిట్ ఆ గదిలోకే తేవద్దు.

సెల్స్ సంగతి. కారినవి ఏ రకమో తెలియకుండా ఏదో ఒకటి పోసేయకండి. పాత కార్బన్-జింక్ సెల్ నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్నది, దానికి వంటసోడా ముద్ద రాయాలి. తర్వాత వచ్చిన ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం, దానికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ. రెండిట్లో ఏది వాడినా తడి దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే రేకు మడతల్లోకి వెళ్లిన తడి లోపల్నుంచి తుప్పు పట్టించి, ఏడాది తర్వాత ఎప్పుడో బయటపడుతుంది.

సెల్‌కు తగిలే కాంటాక్టు పట్టీలను తుప్పు తినేసి ఉంటే పలచటి ఇత్తడి రేకు గానీ ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు గానీ కోసి కొత్తవి చేసుకోవచ్చు. పాడైన టార్చి లైటులో కూడా పనికొచ్చే పట్టీలు, స్ప్రింగులు ఉంటాయి. టంకం వేసేది బొమ్మ బయట వేసి, తర్వాత లోపల బిగించండి. రేకుకు ఆనించి వేడి చేస్తే అవతలి వైపు అచ్చేసిన రంగు మాడిపోతుంది.

కాలు ఊగడానికి కారణం చాలావరకు రేకు నాలుకలు, అంటే భాగాల్ని కలిపి పట్టుకునే చిన్న వంపు ముక్కలు, వదులు కావడమే. ఇక్కడ తొందర పడకండి. ఆ నాలుకను వంచి తీసిన ప్రతిసారీ లోహం బలహీనపడుతుంది, ఒక్కోసారి రెండో వంపుకే చేతిలోకి వచ్చేస్తుంది. విప్పకుండా పని జరిగితే విప్పనే వద్దు.

ప్రశ్న: చెయ్యి ఒకటి లేదు, తల మీద యాంటెన్నా లేదు. విడిభాగాలు అమ్ముతారా?

కొత్తగా చేసిన నకలు భాగాలు పేరున్న కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. మిగతావాటికి దారి ఒకటే, మరో చచ్చిన రోబోను కొని దాని ఒళ్లు విప్పడం. అందుకు మీ రోబో ఎవరు చేశారో ముందు తెలియాలి. బొమ్మ మీది కంపెనీ గుర్తులో టీఎన్ ఉంటే నోమురా, ఎస్‌హెచ్ ఉంటే హొరికావా, టీఎం ఉంటే మసుదయా. ఇది ఎందుకు ముఖ్యమంటే, హొరికావా వాళ్లు దాదాపు ఒకే ఒళ్లు పెట్టి ఛాతీ, తల మార్చి రకరకాల రోబోలు వదిలారు. మీది ఛాతీ తలుపులు తెరిచే రోబో అయినా, పక్క మోడల్ కాళ్లు, గేర్‌బాక్సు అతికే అవకాశం ఉంది. అచ్చం మీ మోడలే దొరకాలని కూర్చుంటే ఖర్చూ ఎక్కువ, ఎదురుచూపూ ఎక్కువ. జపాన్ అమ్మకందార్లు పనిచేయని వస్తువును జంక్ అని పెడతారు, ఆ మాట కలిపి వెతకండి. ఫోటోలో సెల్ డబ్బా లోపలి భాగం చూపించని బొమ్మను నేనైతే కొనను.

ఉన్న చేతి మీద సిలికాన్ అచ్చు తీసి రెజిన్ పోస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. కుడి చేతి అచ్చులోంచి కుడి చెయ్యే వస్తుంది! రెండోది కావాలంటే ఉన్నదాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో అద్దంలో చూసినట్టు తిప్పి, 3డీ ప్రింట్ తీయాలి. పిడికిలి, క్షిపణి, బొత్తాం లాంటి చిన్నవాటికి మాత్రం అచ్చు తీసి పోస్తే హాయి. పళ్ల డాక్టర్లు వాడే సిలికాన్ పుట్టీ ఇలాంటి పనికి చక్కగా పనికొస్తుంది, రెండు ముద్దలు కలిపి నొక్కితే నిమిషాల్లో గట్టిపడుతుంది. రెజిన్ పోసిన భాగం కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి బిగువుగా కూర్చునే చోట ఆ తేడా చూసుకోండి.

స్క్రూలు విప్పేటప్పుడు జారుతున్నాయని ఒకరు రాశారు. జపాన్ ప్లస్ స్క్రూల తల మామూలు ఫిలిప్స్ కంటే కాస్త తేడాగా ఉంటుంది. జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొన ఉన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి, గోల వదిలిపోతుంది.

ప్రశ్న: తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే పోతుందట, నిజమేనా?

ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అయితే చాలావరకు పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు కూడా. పూసిన క్రీమ్ మధ్యలో ఆరితే చారలు పడతాయి, అవి పసుపు కంటే వికారంగా ఉంటాయి. స్టిక్కర్లు, క్రోమ్ పూత ఉన్న భాగాలు ముందే తీసేయండి, గ్లోవ్స్ వేసుకోండి. 1980లలో వచ్చిన కొన్ని రోబోల్లోని మెలికల బంగారు రంగు ప్లాస్టిక్‌ను మాత్రం అసలు కదిలించకండి, అది కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి బిస్కెట్‌లా విరుగుతుంది. నన్నడిగితే లేత పసుపును అలాగే ఉంచేస్తాను.

ప్రశ్న: 1974 నాటి చోగోకిన్ (జింక్ మిశ్రమంతో పోత పోసిన జపాన్ బొమ్మల వరుస) మజింగర్ జెడ్ రకం లోహపు రోబో. కాలి దగ్గర లోహమే పగుళ్లిచ్చి ఉబ్బుతోంది. జిగురు ఏది?

ఏదీ లేదు. జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసి ఉంటే లోహం లోపల్నుంచే చెడిపోతుంది, దాన్ని వెనక్కి తిప్పలేం. ముక్కలయ్యేలోపు అచ్చు తీసి పెట్టుకోండి.

ప్రశ్న: కళ్లలో బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టాలనుంది, మోటారూ మార్చాలి, ఒళ్లంతా నాకు నచ్చిన రంగు వేయాలి. ఇలా చేస్తే పాపమా?

లితోగ్రఫీ అచ్చు పోయి, తుప్పు తినేసి, సగం భాగాలు లేని బొమ్మ మీద చేస్తే పాపమేమీ కాదు. బాగున్న బొమ్మ మీద చేస్తే నేను మాట్లాడను. నకలు రోబోలు కొత్తవి వస్తున్నాయి కదా, కస్టమ్ సరదాకు అవి ఉన్నాయి.

ఎల్‌ఈడీ విషయంలో చాలామంది పొరబడతారు. తెల్లదానికీ నీలందానికీ సుమారు 3 వోల్టులు కావాలి. మీ రోబోలో రెండు సెల్సే ఉంటే కొత్తగా ఉన్నప్పుడు 3 వోల్టులు, మోటారు లాగడం మొదలుపెట్టగానే అంతకంటే తక్కువ. అప్పుడు కళ్లు మసకబారతాయి. ఎరుపుకు 2 వోల్టులు చాలు, రెసిస్టర్ పెట్టి హాయిగా వాడుకోండి. పాత రోబోల్లో లైటు మిణుకుమనేది చాలాసార్లు గేరుతో పాటు తిరిగే కాంటాక్టు వల్ల, దాన్ని పీకేసి సర్క్యూటు పెట్టేస్తే ఆ తమాషా పోతుంది. మోటారు కోసం 130 సైజు అడగండి, కానీ సైజు సరిపోయిందని తెచ్చేయకండి. అదే సైజులో ఎక్కువ వోల్టేజి మోటార్లు కూడా ఉన్నాయి, 3 వోల్టులకు అవి నీరసంగా తిరుగుతాయి.

ఒంటికి చేర్పులు చేయడానికి ఇల్లు, రైలు నమూనాలు కట్టేవాళ్లు వాడే పాలీస్టైరీన్ షీట్లు బాగుంటాయి. ఎపాక్సీ పుట్టీ కూడా వాళ్ల సామానులోనే దొరుకుతుంది. 1970ల జంబో మషిండర్ లాంటి పెద్ద బొమ్మలు పాలీఎథిలీన్‌తో చేసినవి, వాటికి జిగురూ పట్టదు, రంగూ నిలవదు. స్టిక్కర్లు మీరే అచ్చేసుకోవాలంటే వాటర్‌స్లైడ్ కాగితం (నీళ్లలో నానబెట్టి జార్చి అంటించేది) కొనండి. మామూలు ప్రింటర్ తెలుపు అచ్చేయదు కాబట్టి ముదురు రంగు ఒంటి మీదకి తెల్ల అడుగున్న కాగితమే తీసుకోవాలి.

మార్చిన భాగం లోపలి వైపు ఏ సంవత్సరంలో మార్చారో రాసిపెట్టండి. రేపు అమ్మితే కొన్నవాడికి చెప్పి తీరాలి.

ప్రశ్న: బాగు చేశాక మా పాప ఆడుకోవచ్చా?

వద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, రేకు అంచులు కోసుకుంటాయి. అందుకే మీరు కూడా ఆ రంగును పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దకండి. కొత్త నకళ్లలోనూ చాలావరకు పెద్దవాళ్లు దాచుకోవడానికి చేసినవే, పెట్టె మీద వయసు చూసి కొనండి.