మూత్రనాళ ఇన్ఫెక్షన్ సెప్సిస్‌గా మారితే ఊపిరితిత్తులు, మెదడు ఎందుకు దెబ్బతింటాయి?

సూక్ష్మజీవి అక్కడికి చేరకపోయినా దెబ్బతినవచ్చు. సెప్సిస్‌లో అవయవాలను దెబ్బతీసేది ప్రధానంగా అదుపు తప్పిన మన రోగనిరోధక స్పందనే. 2016లో వైద్య నిపుణులు ఇచ్చిన నిర్వచనంలోని సారాంశం కూడా ఇదే.

మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా కారణమయ్యే ఈ-కొలై బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని తెల్ల రక్తకణాలు టీఎల్ఆర్-4 అనే గ్రాహకంతో పసిగట్టి, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లను) విడుదల చేస్తాయి. వేలికి చీము పట్టినప్పుడు ఇవే మనకు మేలు చేస్తాయి. అక్కడి రక్తనాళాలు వెడల్పై, వాటి గోడలు సడలి, రక్షక కణాలు బయటికి వస్తాయి. ఆ ఎరుపు, వాపు అందుకే. అదే పని ఒళ్లంతా ఒకేసారి జరిగితే? బీపీ పడిపోతుంది. నాళాల్లోని ద్రవం కణజాలంలోకి కారిపోతుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం. కేశనాళికల్లో రక్తం గడ్డకట్టి, మెదడు వంటి అవయవాలకు ఆక్సిజన్ సరిపడా అందదు. అందినదాన్ని కూడా కణాలు సరిగా వాడుకోలేవు.

మరి ఆ స్పందనను అణచివేస్తే సరిపోదా? టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులను రోగులపై పరీక్షించినా ఆశించిన ఫలితం రాలేదు. ఒకవైపు ఈ ఉద్ధృతి సాగుతుండగానే మరోవైపు లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చనిపోయి రక్షణ బలహీనపడుతుంది మరి. అందుకే నేటికీ చికిత్సకు ఆధారం త్వరగా ఇచ్చే యాంటీబయాటిక్, సెలైన్, బీపీని నిలబెట్టే మందులే.

ఇన్ఫెక్షన్ ఉన్న మనిషి తికమకగా మాట్లాడుతున్నా, నిమిషానికి 22 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, మూత్రం బాగా తగ్గినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వృద్ధుల్లో జ్వరం అసలు కనిపించకపోవచ్చు.