జ్వరం తగ్గినా ముద్ద దిగనివారికి పెసరపప్పు సూప్

ప్రశ్న: మా అత్తమ్మకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. వైరల్ జ్వరం తగ్గినా నోరు చేదుగా ఉందంటూ అన్నం ముట్టడం లేదు. ఇరుగుపొరుగువారు మేక కాళ్ల పాయ కాచి పోయమంటున్నారు, మా ఆడబిడ్డ ప్యాకెట్ సూప్ చాలంటోంది. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఈ రెండింటికన్నా మీ ఇంట్లో ఉన్న పెసరపప్పే మేలు. పాయ మీద మనవాళ్లకున్న నమ్మకం చిన్నది కాదు గానీ, గంటల తరబడి కాచినా ఆ ఎముకల నుంచి దిగేది చాలావరకు జిగురు, కొవ్వు మాత్రమే కాబట్టి, నీరసించిన మనిషికి కావలసిన మాంసకృత్తులు దానితో సరిగా అందవు. కోడి సూప్ సంగతీ అంతే: బలమంతా ముక్కల్లోనే ఉండిపోతుంది, మనమేమో ముక్కలు పిల్లలకు పెట్టి రసం మాత్రం రోగికి పోస్తాము. ఇక ప్యాకెట్ సూప్‌లో ఉప్పు ఎక్కువ, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ వేస్తారు. బీపీ, షుగర్ ఉన్నవారికి అది తగదు.

2 టేబుల్ స్పూన్ల పెసరపప్పును, అంటే సుమారు 30 గ్రాములను, కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించి కడగండి. ఇందులోనే దాదాపు 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దానికి గుప్పెడు సొరకాయ ముక్కలు, ఒక చిన్న క్యారెట్, ఒక టమాట, రెండు ఎల్లిగడ్డ రెబ్బలు, చిన్న అల్లం ముక్క, చిటికెడు పసుపు కలిపి, మూడు గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్‌లో నాలుగు విజిళ్లు రానివ్వండి. ఆవిరి పోయాక పప్పుగుత్తితో మెత్తగా మెదపండి, వడకట్టవద్దు. ఒక చెంచా జొన్నపిండిని ముందుగా చల్లటి నీళ్లలో జారుగా కలిపి పోయాలి. పొడిపిండిని నేరుగా మరుగుతున్న సూప్‌లో వేస్తే ఉండలు కడుతుంది, గొంతు నొప్పి ఉన్న మనిషికి ఆ ఉండ దిగదు. సన్నని సెగ మీద కలుపుతూ పచ్చివాసన పోయేదాకా ఉడికించి, చివర కొద్దిగా ఉప్పు, జీలకర్ర, మిరియాల పొడి, అర చెంచా నెయ్యి వేసి దించండి. ఎండుమిర్చి తాలింపు వద్దు. తాగే ముందు గ్లాసులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే, చేదెక్కిన నోటికి రుచి తెలుస్తుంది.

గిన్నెడు ఒక్కసారే ముందు పెడితే చూడగానే వద్దంటారు. రెండు గంటలకోసారి చిన్న గ్లాసెడు గోరువెచ్చగా ఇవ్వండి. మిగిలినది బయట ఉంచకుండా చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ ఇచ్చేటప్పుడు తెర్లనివ్వండి. ఆకలి పుట్టగానే మెత్తని జొన్న గటకకు, ఆ తర్వాత మామూలు అన్నానికి మారాలి, ఎందుకంటే సూప్ ఒక్కటే పూర్తి భోజనం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. తిండి తగ్గించి షుగర్ మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, మోతాదు గురించి డాక్టర్‌ను ఈ రోజే అడగండి. మళ్లీ జ్వరం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, మత్తుగా పడి ఉంటున్నా సూప్ మాట పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకుపోండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. బోరు నీళ్లతో సూప్ కాస్తే, మరిగేటప్పుడు ఫ్లోరైడ్ పోతుందా?
– మరో పాఠకుడు

జవాబు: పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీళ్లు ఇగిరిన కొద్దీ మిగిలిన దానిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అందువల్ల బోరు నీళ్లు గిన్నెలు కడగడానికి ఉంచుకుని, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లతోనే సూప్ కాయండి, పప్పు నానబెట్టినా ఆ నీళ్లే వాడండి.