కోలాటం ఎక్కించే ముందు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మమ్మ బృందం కోలాటాన్ని, మనుషులు తమ బొమ్మల రూపంలో తిరిగే ఇంటర్నెట్ లోకం సెకండ్ లైఫ్‌లోకి ఎక్కించబోతున్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకటే సంతోషం, ఒకటే గుబులు. బ్రహ్మోత్సవాలకు తిరుమల మాడవీధుల్లో వాహనం ముందు వేసిన అడుగులవి. ఎక్కడో కూర్చున్నవాళ్లు తమ బొమ్మల చేత ఆడించుకుంటారంటే గర్వంగా ఉండదా?

చిన్న విషయాలు నీకు తెలిసినవే. ఫైలు 60 సెకన్లు దాటకూడదు. వేరే కదలికలు దీన్ని మింగేయకుండా ప్రయారిటీ 4 పెట్టు. కదలికలు నమోదయ్యే బీవీహెచ్ ఫైల్లో మొదటి ఫ్రేము కొలత కోసమే కాబట్టి అక్కడ చేతులు చాచిన భంగిమ ఉంచు. ఆ ఫ్రేము నుంచి ఏమాత్రం కదలని కీలును ఈ యానిమేషన్ పట్టించుకోదు.

అసలు భయం లూప్ దగ్గరే, అంటే ఆటలో ఒక ముక్క మళ్లీ మళ్లీ తిరిగే చోట. నిరుడు నువ్వు పంపిన జంట కోలాటం గుర్తుందా? ఒక ఫైలు 400 ఫ్రేములు, రెండోది 410. రెండింటికీ లూప్ మొదలయ్యే ఇన్ 20 శాతం, ముగిసే అవుట్ 80 శాతం పెట్టి పని అయిపోయిందనుకున్నావు. శాతాలు ఒకటైనంత మాత్రాన కాలం ఒకటవుతుందా? సెకనుకు 30 ఫ్రేముల లెక్కన మొదటి అమ్మాయి ఒక్కో చుట్టు 240 ఫ్రేములు, అంటే సరిగ్గా 8 సెకన్లు. రెండో అమ్మాయి చుట్టు 246 ఫ్రేములు, 8.2 సెకన్లు. ఐదు చుట్లు తిరిగేసరికి ఒకరు నిండా సెకను వెనకబడ్డారు. ఒకరి కోల పైకి లేచి ఉంటే రెండోవారి కోల గాలిని కొడుతోంది. నువ్వు మొదటి రెండు చుట్లు మాత్రమే చూసి వదిలేశావు. ఇంత తొందరేమిటి తల్లీ? ముందు ఫ్రేములు లెక్కపెట్టు, మొత్తంతో భాగించి శాతం రాబట్టు, జంటలో ఇద్దరి చుట్లూ ఒకే నిడివిలో ఉన్నాయో లేదో చూడు. ఆ తర్వాత కనీసం పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడు.

నువ్వు మూడో తరగతిలో ఉండగా అమ్మమ్మ నిన్ను వరసలో నిలబెట్టింది. నువ్వు ప్రతి దెబ్బా ముందే వేసేదానివి. ఆవిడ ఆట ఆపలేదు, నిన్ను కసరలేదు. కోపు, అంటే ఆ అడుగుల వరస, మారేదాకా తన కోలను నీ దెబ్బకే అందించి, తర్వాత మెల్లగా నిన్ను తాళంలోకి తెచ్చింది. పక్కనుంచి చూస్తున్న నాకు కళ్లు చెమర్చాయి. కంప్యూటర్లో ఆ బొమ్మలకు ఆ దయ ఉండదు. ఒకరి కోసం ఒకరు ఆగరు. అందుకే ఆ శ్రద్ధ నువ్వే పెట్టాలి.

చుట్టు చివరను మొదలుకు కలిపే అతుకు ఎక్కడ వేయాలంటావా? కోలలు తగిలే క్షణంలో వెయ్యి. దెబ్బ తగలగానే చెయ్యి ఎలాగూ వెనక్కి మళ్లుతుంది కాబట్టి అక్కడ చిన్న తేడా ఉన్నా కంటికి ఆనదు. చెయ్యి గాలిలో సాగుతుండగా అతికితే, భంగిమ కలిసినా వేగం కలవక ఎక్కిళ్లు వచ్చినట్టు ఉంటుంది. నడుము స్థానం కూడా ఇన్ దగ్గర, అవుట్ దగ్గర ఒకటే కావాలి. లేకపోతే అడుగు ముందుకు వేసిన మనిషి ప్రతి చుట్టుకూ పాత చోటికి ఎగిరిపడుతుంది. ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ అనే మెల్లగా కలిపే సమయాలు పెంచితే ఇది సర్దుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకు. అవి ఆట మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు మాత్రమే పనిచేస్తాయి.

ఒకసారి ఎక్కించాక దిద్దడానికి వీల్లేదు, మళ్లీ కొత్తగా ఎక్కించాల్సిందే. ఈలోగా తప్పు కాపీ తీసుకున్నవాళ్ల దగ్గర అదే ఉండిపోతుంది. అమ్మమ్మ ఆట అలా తడబడుతూ ఎవరింట్లోనో ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. సెకండ్ లైఫ్ అసలు లోకం పేరు అగ్ని, పరీక్షల లోకం పేరు అదితి. ముందు అదితిలో ఆడించు. డబ్బు ఖర్చు కూడా ఉండదు.

రెండు ఫైళ్లూ నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫర్వాలేదు, ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి ఫ్రేములు లెక్కపెడదాం. వేళకు భోంచెయ్యి.

మామయ్య